గండిపేట కట్ట తెగుతుందా? అసలు అడగాల్సింది వేరే ఉంది

హైదరాబాద్‌లో రెండు రోజులు ముసురు పట్టి, మూడో రోజు కుండపోత మొదలైందంటే చాలు, ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో "గండిపేట కట్టకు బీటలట, నిజమేనా?" అని ఎవరో ఒకరు పెట్టేస్తారు. కింద ఏ రాష్ట్రంలోదో తెలియని ఒక వీడియో ఉంటుంది. ఇంకో పావుగంటకి అది కజిన్ల గ్రూపులోకీ, అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చేస్తుంది. పుకారు సంగతి పక్కన పెడితే, ఆ భయం మాత్రం పూర్తిగా పిచ్చిది కాదు. ఉస్మాన్ సాగర్ అనే మన గండిపేట 1920లో పూర్తయింది, హిమాయత్ సాగర్ 1927లో. ఒకదానికి నూరేళ్లు దాటాయి, రెండోది నూరుకి దగ్గర్లో ఉంది. రెండింటి కిందా నగరం ఉంది.

కాకపోతే "పాతది కాబట్టి ప్రమాదం" అనే లెక్క అంత తేలిగ్గా నడవదు. మేడిగడ్డ బ్యారేజీ 2019లో మొదలైంది, 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగాయి. నాలుగేళ్లు. గండిపేట గోడ మాత్రం అలాగే నిలబడి ఉంది. డ్యామ్ అనేది ఒకటే వస్తువు కాదు, వేర్వేరు వేగాలతో ముసలయ్యే నాలుగైదు వస్తువులు ఒక చోట చేరి ఉన్న కట్టడం. రాతిగోడ వయసు ఒకలా ఉంటుంది, పక్కన మట్టికట్ట వయసు ఇంకోలా, గేట్ల వయసు మరోలా. పైన వాన నీళ్లొచ్చే పరివాహక ప్రాంతమూ, కింద నీళ్లు పోవాల్సిన నదీ కూడా మారిపోతుంటాయి. మనం గోడనే చూసి భయపడతాం. నన్నడిగితే వీటన్నిటిలో తక్కువ టెన్షన్ పెట్టేది ఆ గోడే.

ముందు ఇవి ఎందుకు కట్టారో చూడాలి, ఎందుకంటే అక్కడే అసలు చిక్కుముడి ఉంది. వీటిని మంచినీళ్ల చెరువులుగానే మనకు తెలుసు. కానీ వీటి పుట్టుక 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదలో ఉంది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. పైనున్న చెరువులు ఒకదాని తర్వాత ఒకటి గండ్లు పడ్డాయి. నది పరివాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తర్వాత లెక్క తేలింది. ఒక చెరువు తెగితే దాని నీళ్లు కింద చెరువు మీద పడతాయి, అది తెగితే ఇంకో కింద చెరువు మీద. అలా గొలుసుకట్టు చెరువులన్నీ వరుసపెట్టి ఊరి మీదకొచ్చాయి. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. మహబూబ్ అలీ ఖాన్ హయాంలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన చెప్పిన మందు ఇదీ: ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరద ఉధృతిని అక్కడ పట్టి ఉంచి, కిందికి మెల్లగా వదలండి అని. ఆ తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో రెండూ కట్టారు. నీళ్లు ఎలాగూ నిలుస్తాయి కాబట్టి అవే ఊరికి తాగునీళ్లయ్యాయి. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్ దాకా పంపు అవసరం లేకుండా, వాలు మీదే నీళ్లు వచ్చేలా కాలువ కట్టారు. ఆ కండ్యూట్ ఇప్పటికీ మణికొండ వైపు కాలనీల మధ్య నుంచి పోతుంది.

అంటే ఒకే కట్టకి రెండు పనులు అప్పజెప్పారు. ఇబ్బంది ఏంటంటే ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం. తాగునీళ్లు చూసే ఇంజనీరుకి జలాశయం ఎప్పుడూ నిండుగా ఉండాలి, వచ్చే ఎండాకాలం ఆయన కళ్ల ముందుంటుంది. వరద చూసే ఇంజనీరుకి అదే జలాశయం వానాకాలంలో ఖాళీగా ఉండాలి, ఎందుకంటే ఖాళీ జాగా ఉంటేనే వరదను పట్టగలరు. నిండిన చెరువు వరదను ఆపదు. పైనుంచి ఎంతొస్తే అంత కిందికి వదలాల్సిందే.

ఇది అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. గండిపేట సామర్థ్యం 3.9 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు), హిమాయత్ సాగర్‌ది దాదాపు 2.97. రెండూ కలిపితే ఏడు టీఎంసీలకు కాస్త తక్కువ. 1908లో ఊరి మీద పోయిన వరద గరిష్ఠంగా 4 లక్షల 25 వేల క్యూసెక్కులని (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు) విశ్వేశ్వరయ్య అంచనా. ఆ వేగంతో నీళ్లొస్తే గంటకి ఒకటిన్నర టీఎంసీ. రెండు జలాశయాలూ పూర్తిగా ఎండిపోయి ఉన్నా సరే, నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. కాబట్టి "గండిపేట ఉంది కదా, ఇంక మూసీ వరద రాదు" అనే ధీమాకి ఆధారం లేదు. అలాగని లాభం లేదా అంటే, చాలా ఉంది. మామూలు పెద్ద వానల్లో, పైనుంచి 30 వేల క్యూసెక్కులు వస్తూ మనం కిందికి 10 వేలే వదలాలనుకుంటే, జలాశయంలో ఒక్క టీఎంసీ జాగా ఉన్నా దాదాపు 14 గంటలు నెట్టుకురావచ్చు. ఆ 14 గంటల్లో వాన తగ్గొచ్చు, కింద బస్తీలను ఖాళీ చేయించొచ్చు, పగలయ్యేదాకా ఆగొచ్చు. ఈ కట్ట మనకిచ్చేది ఆ టైమ్. నిండుగా ఉంచుకున్నామంటే ఆ టైమ్‌ని మనమే ముందుగా ఖర్చు పెట్టేసుకున్నట్టు.

ఇక కట్టడం దగ్గరికి వద్దాం. రాతిగోడ నిలబడేది తన బరువుతో. నీళ్లు దాన్ని పక్కకి తోస్తుంటాయి, అది తన బరువుతో కదలకుండా కూర్చుంటుంది. దీనికి శత్రువులు రెండు. మొదటిది, గోడ కింద నుంచి, రాళ్ల సందుల్లోంచి దూరే నీళ్లు గోడను పైకి ఎత్తడం. నూరేళ్ల కిందటి లెక్కల్లో ఈ పైకెత్తే ఒత్తిడికి ఇప్పుడిచ్చినంత విలువ ఇవ్వలేదు. అందుకే పాత డ్యామ్‌లను ఇప్పటి లెక్కతో మళ్లీ తూచి చూడాలి. రెండోది, రాళ్లను పట్టి ఉంచే డంగు సున్నం. ఏళ్ల తరబడి నీళ్లు ఊరుతూ ఊరుతూ ఆ సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగించి బయటికి తెస్తాయి. పాత రాతి డ్యామ్ ఏదైనా వెనక వైపుకెళ్లి చూస్తే, రాళ్ల మీద తెల్లగా చారలు కట్టి కనిపిస్తాయి చూడండి, అదే లోపలి సున్నం. చారలు కనిపించగానే డ్యామ్ పోయిందని కాదు, లోపల ఎంత పోయిందో కొలవాలని. కొలిచి, రంధ్రాలు వేసి సిమెంటు పాలు లోపలికి ఎక్కించి, బయట సందులు పాయింటింగ్ చేసుకుంటూ పోతే ఇలాంటి గోడ ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. కేరళలో 1895 నాటి ముల్లపెరియార్ డ్యామ్ సున్నం-సుర్కీతో (సుర్కీ అంటే ఇటుక పొడి) కట్టిందే. పైన కాంక్రీట్ బరువు పెట్టి, ఉక్కు తీగలతో గోడను కింద రాతికి బిగించి, వెనకాల కాంక్రీట్ ఆసరా కట్టి నిలబెట్టారు. దాని మీద రెండు రాష్ట్రాల గొడవ తెగలేదు, అది వేరే కథ. బలపరిచే పద్ధతులు మాత్రం ఉన్నాయి, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

మట్టికట్ట దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మట్టికట్ట మీద నుంచి నీళ్లు పొర్లితే ఇక ఆగదు, కోసుకుంటూ పోతుంది. పొర్లకపోయినా లోపల బుంగ పడొచ్చు. కట్ట మీద సర్కారు తుమ్మ, రావి లాంటివి మొలిచి వేళ్లు లోపలికి పోతాయి. చెట్టు చచ్చాక వేరు కుళ్లి, ఆ దారి నీటికి గొట్టంలా మిగులుతుంది. ఎలకలూ, పందికొక్కులూ తమ వంతు చేస్తాయి. చెరువులున్న ఏ పల్లెలోనైనా పెద్దవాళ్లకి ఈ సంగతి తెలుసు: కట్ట కింద తేట నీళ్లు ఊరుతుంటే గమనిస్తూ ఉండు, నీళ్లు మట్టి రంగులో వస్తే వెంటనే పది మందిని పిలువు. తేట నీళ్లంటే ఊట. మట్టి నీళ్లంటే కట్ట లోపలి మన్ను కొట్టుకుపోతోందని అర్థం. పెద్ద డ్యామ్‌లలో చేసేదీ ఇదే, కాకపోతే ఊట నీళ్లను ఒక చిన్న గాడిలోకి మళ్లించి రోజూ ఎంతొస్తుందో రాసుకుంటారు. నీటిమట్టం అంతే ఉండి ఊట ఉన్నట్టుండి పెరిగినా, ఉన్నట్టుండి ఆగిపోయినా అనుమానించాలి. రాతిగోడ అయిపోయి మట్టికట్ట మొదలయ్యే అతుకు దగ్గర అయితే ఇంకో రెండు కళ్లు అదనంగా పెట్టాలి.

అసలు ముసలయ్యేది గేట్లు. ఇనుము, వైరు రోప్‌లు, గొలుసులు, గేర్లు, రబ్బరు సీళ్లు, వీటికి వందేళ్ల ఆయుష్షు ఎవరూ ఇవ్వలేదు. తుంగభద్ర డ్యామ్ 1953 నాటిది, 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. డ్యామ్ గోడకి ఏమీ కాలేదు. అయినా కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ మూడు రాష్ట్రాల రైతుల నీళ్లు కళ్ల ముందే నదిలోకి పోయాయి. గేటు పోతే అడ్డుపెట్టే స్టాప్‌లాగ్ ముందే తయారుగా లేదు. అప్పటికప్పుడు చేయించి, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారుతున్న నీళ్లలోనే దింపారు, వారం పట్టింది. అంతకు మూడేళ్ల ముందు, 2021 ఆగస్టులో, కొత్తదైన పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది. 2022 జులైలో కడెం మీదికి దాని సామర్థ్యాన్ని మించిన వరదొచ్చి, 18 గేట్లలో ఒకటి మొరాయిస్తే, కింద ఊళ్లు ఖాళీ చేయించి రాత్రంతా దేవుడి మీద భారం వేశారు.

అన్నమయ్య ప్రాజెక్టు గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున, రాజంపేట దగ్గర చెయ్యేరు మీద. పైన పింఛా కట్ట తెగి ఆ నీళ్లూ తోడయ్యాయి, 1908లో మూసీ మీద జరిగిన గొలుసే మళ్లీ. ప్రాజెక్టుకున్నవి ఐదు గేట్లు, అందులో ఒకటి పనిచేయలేదు. ఐదింట్లో ఒకటంటే నీళ్లు పోయే దారిలో ఐదో వంతు మూసుకుపోయినట్టు. మట్టికట్ట మీదుగా పొర్లి కోసుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీద పడింది. పదుల మంది పోయారు. అది కట్టి ఎంతో కాలం కాలేదు. పనిచేయని ఒక గేటూ, సరైన టైముకి అందని ఒక హెచ్చరికా కలిస్తే చాలు, కట్ట వయసుతో పనిలేదు.

గండిపేటకి 15 గేట్లు, హిమాయత్ సాగర్‌కి 17. హిమాయత్ సాగర్ గేట్లు 2010 తర్వాత మళ్లీ 2020 అక్టోబర్ దాకా ఎత్తే అవసరమే రాలేదు. పదేళ్లు వాడకుండా పక్కన పెట్టిన బండి ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుందని ఎవరైనా అనుకుంటారా? డ్యామ్ గేట్ల విషయంలో మాత్రం అందరం అలాగే అనుకుంటాం. ప్రతి ఎండాకాలం చివర్లో ప్రతి గేటునూ కొంచెమైనా ఎత్తి దించి చూడాలి, రోప్‌లకి గ్రీజు పెట్టాలి, కరెంటు పోతే జనరేటర్ ఎంతసేపట్లో అందుకుంటుందో చూడాలి, అదీ పోతే చేత్తో తిప్పడానికి ఎంతమంది మనుషులు కావాలో ముందే తేల్చుకోవాలి. ఇవి వినడానికి చాలా చిన్న పనులు. ప్రారంభోత్సవానికి పనికిరావు, ఫొటో రాదు, అందుకే బడ్జెట్‌లో మొదట కోత పడేది వీటి మీదే. రాత్రి రెండింటికి వానలో గేటు దగ్గర నిలబడేది లష్కర్, అంటే గేట్లు చూసుకునే కింది స్థాయి ఉద్యోగి. చాలా ప్రాజెక్టుల్లో ఆ పోస్టులు ఖాళీలు, లేకపోతే అవుట్‌సోర్సింగ్.

ఇంతవరకూ కట్ట గురించి. కానీ జంట జలాశయాలకి అసలు ముప్పు కట్ట అవతల ఉందని నా అభిప్రాయం.

ఎగువ సంగతి కొంత తెలిసిందే. మూసీ పుట్టేది వికారాబాద్ అనంతగిరి కొండల్లో. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. అక్కడ ఓ నూనె ఫ్యాక్టరీ పెట్టబోతే సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆగింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. దానికి చెప్పిన కారణం ఆసక్తికరంగా ఉంటుంది: 1996లో నగరం నీళ్లలో వీటి వాటా పాతిక శాతం పైన ఉండేది, ఇప్పుడు ఒకటిన్నర శాతం కూడా లేదు, మంజీరా, కృష్ణా, గోదావరి వచ్చేశాయి కదా అని. తాగునీళ్ల లెక్కలో అది నిజమే కావొచ్చు. మరి రెండో పని మాటేమిటి? వరదను ఆపే ఉద్యోగం నుంచి వీటిని ఎవరు రిటైర్ చేశారు? ఎగువన పొలాలు పోయి రోడ్లూ, విల్లాలూ, కాంక్రీట్ పరిచిన గచ్చులూ వస్తే ఇంకిపోయే నీళ్లు తగ్గుతాయి. అదే వానకి వరద ఎక్కువగా, ఇంకా తొందరగా వస్తుంది. తాగునీళ్ల అవసరం తగ్గేకొద్దీ వరద పని బరువెక్కుతోందన్నమాట, మన శ్రద్ధ మాత్రం తాగునీళ్ల లెక్కనే పట్టుకుని తగ్గుతోంది.

దిగువ సంగతి మీద అంత చర్చ జరగదు, నాకు అదే ఎక్కువ ముఖ్యం. గేటు ఎత్తడమంటే డ్యామ్‌ని కాపాడుకోవడం. కానీ ఇక్కడ గేటు ఎత్తిన గంటల్లో ఏమవుతుందో చూడండి. హిమాయత్ సాగర్ కింద ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీసు రోడ్డు మీదికి నీళ్లొస్తాయి, పోలీసులు బారికేడ్లు పెడతారు. గండిపేట కింద నార్సింగి, మంచిరేవుల దారి బంద్. ఊళ్లోకొచ్చేసరికి జియాగూడ, పురానాపూల్ పక్క రోడ్లు, చాదర్‌ఘాట్ చిన్న వంతెన, మూసానగర్, శంకర్‌నగర్ బస్తీలు, మూసారాంబాగ్ వంతెన. 2025 సెప్టెంబర్ చివర్లో ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే నీళ్లొచ్చి ప్రయాణికులు రాత్రి చిక్కుకుపోయారు, సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటికి రావాల్సొచ్చింది. దసరాకి ఊళ్లకి పోయే జనం పాపం.

ఇది వరద బాధితుల సమస్యగానే మనం చదువుతాం. డ్యామ్ వైపు నుంచి చూడండి. నది ఇరుకైపోయి, ఒడ్డు మీద ఇళ్లున్నప్పుడు గేటు దగ్గరున్న ఇంజనీరు చేయి తడబడుతుంది. ముందుగా వదిలితే "వాన కూడా పడకుండా మమ్మల్ని ముంచారు" అని తిట్లు. ఆగితే జలాశయం నిండి ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) దాటుతుంది, అప్పుడు ఒక్కసారే ఎక్కువ గేట్లు ఎత్తాల్సొస్తుంది. ఎఫ్‌టీఎల్ గండిపేటకి 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌కి 1763.5 అడుగులు. ఆఖరి రెండు మూడు అడుగుల్లో తీసుకునే నిర్ణయాలు ఇవన్నీ. కాగితం మీద గేట్ల సామర్థ్యం ఎంతైనా ఉండనీ, నగరం పట్టుకోగలిగినంతే ధైర్యంగా వదలగలరు. నది ఒడ్డున కట్టిన ప్రతి ప్రహరీ గోడ డ్యామ్ భద్రతను ఇంత తగ్గిస్తుంది. డ్యామ్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో అది ఏ కాలమ్‌లోనూ కనబడదు.

చట్టం లేదా అంటే ఉంది. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం 15 మీటర్ల ఎత్తు దాటిన డ్యామ్‌లన్నీ, కొన్ని షరతులతో 10 మీటర్లు దాటినవీ దీని కిందికొస్తాయి. వానాకాలం ముందూ తర్వాతా తనిఖీలు, స్వతంత్ర నిపుణులతో సమగ్ర పరీక్ష, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, అన్నీ యజమాని బాధ్యతే. డ్యామ్‌ల మరమ్మతులకి కేంద్రం ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిపే డ్రిప్ పథకం రెండు, మూడు దశల్లో 736 డ్యామ్‌లకి 10,211 కోట్లు పెట్టారు. చట్టం కాగితం మీద బాగానే ఉంది. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ అత్యవసర ప్రణాళిక. ఎన్ని క్యూసెక్కులు వదిలితే ఏ వీధిలోకి ఎన్ని గంటల్లో ఎంత లోతు నీళ్లొస్తాయి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ స్కూల్‌కి తరలించాలి, అని రాసి ఉండే పుస్తకం అది. అధికారుల బీరువాలో ఉంటే దాని వల్ల ఉపయోగం సగమే. శంకర్‌నగర్‌లో ఉండే మనిషికి "10 వేలు వదిలారట" అని టీవీలో చెబితే ఏం అర్థమవుతుంది? "మీ గల్లీలోకి మోకాలి లోతు, రాత్రి పదకొండుకల్లా" అని చెబితే పిల్లల్ని తీసుకుని బయల్దేరతాడు.

ఇప్పుడు కొత్తగా ఇంకో మలుపు. గోదావరి నీళ్లను మల్లన్నసాగర్ నుంచి తెచ్చే రెండు, మూడు దశల పథకానికి 2025 సెప్టెంబర్‌లో గండిపేట దగ్గరే శంకుస్థాపన జరిగింది. తెచ్చే 20 టీఎంసీల్లో రెండున్నర టీఎంసీలు జంట జలాశయాల ద్వారా మూసీ పునరుజ్జీవానికి అన్నారు. మూసీలో ఏడాది పొడవునా మంచి నీళ్లు పారితే సంతోషమే. కానీ పంపులతో నింపుకున్న జలాశయాన్ని వానాకాలం ముందు ఖాళీ చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? కరెంటు బిల్లు కట్టి తెచ్చిన నీళ్లు. ఇప్పటిదాకా వాన రాకపోవడం వల్లయినా కొంత జాగా దానంతటదే మిగిలేది. ఇక మీదట అది కూడా మిగలకపోవచ్చు. జూన్ ఒకటిన గండిపేటలో ఎన్ని అడుగులుండాలి, ఆగస్టు చివరికి ఎన్ని, సెప్టెంబర్‌లో ఎన్ని, అంతకు మించితే ఎవరినీ అడగకుండా గేటు ఎత్తే అధికారం ఎవరిది, ఈ పట్టికను పంపులు ఆన్ చేసేలోపే రాసి జలమండలి ఆఫీసు గోడ మీదా, మూసానగర్ చౌరస్తాలోనూ అంటించాలి.